కొండ మీద రాళ్ళ నేల: దాని లక్షణాలు, దాని వర్గీకరణ (విశాఖపట్నంలో ఇచ్చిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారమండి. మట్టి గురించి మాట్లాడతాం అంటే ఇంతమంది వచ్చారు, అందులో సగం మంది కాలేజీ పిల్లలు, చాలా సంతోషంగా ఉంది. వెనకాల నుంచున్న వాళ్ళు ముందుకొచ్చి కూర్చోండి, ఇక్కడ కుర్చీలున్నాయి.

ఇవాళ మనం మాట్లాడుకునేది పొలం మట్టి గురించి కాదు. గోదావరి డెల్టా ఒండ్రు గురించి, గుంటూరు నల్లరేగడి గురించి చాలామంది చెప్తారు, పుస్తకాలు కూడా బోలెడున్నాయి. కొండ వాలు మీద రాళ్ళతో నిండి ఉన్న నేల, నాగలి దిగని నేల, గడ్డీ పొదలూ తప్ప ఇంకేమీ పెరగదు అని రెవెన్యూ రికార్డులో బంజరు అనో పోరంబోకు అనో రాసేసి వదిలేసే నేల, దాని గురించి ఎవరూ మాట్లాడరు. మన ఊరు చుట్టూ ఉన్నవన్నీ అవే కదండీ, కైలాసగిరి, సింహాచలం కొండ, యారాడ కొండ, అటు అనంతగిరి ఎక్కి అరకు వెళ్ళేదాకా. ఇంగ్లీషులో ఇలాంటి భూమిని రేంజ్‌లాండ్ అంటారు, అంటే దున్నకుండా విత్తకుండా దానంతటదే పెరిగిన గడ్డి మీద, పొదల మీద పశువులు మేసే భూమి. ప్రపంచంలో ఈ రకం నేలల్ని బాగా శ్రద్ధగా తవ్వి, కొలిచి, పేర్లు పెట్టింది అమెరికా పశ్చిమ రాష్ట్రాల్లో, నెవాడా, ఐడహో, యూటా ఆ వైపు కొండల్లో. అందుకని ముందు అక్కడి నేల ఒకటి తీసుకుని దాన్ని ఎలా చదవాలో చూసి, తర్వాత మన కొండల దగ్గరికొద్దాం.

నేను చెప్పదలుచుకున్నది ఒకటే విషయమండి, మొదట్లోనే చెప్పేస్తాను. రాయి నేలలో భాగం. దాన్ని కొలవకుండా ఆ నేల గురించి మనం చెప్పే ఏ లెక్కయినా తప్పే అవుతుంది, నీళ్ళ లెక్క, ఎరువు లెక్క, కార్బన్ లెక్క, ఎన్ని మేకలు మేయొచ్చు అన్న లెక్క, అన్నీ.

ఎందుకంటున్నానో వినండి. మీరు మట్టి శాంపిల్ తీసి ల్యాబ్‌కి పంపిస్తారు. అక్కడ మొదట ఏం చేస్తారు? నీడలో ఆరబెట్టి, గడ్డలు చితక్కొట్టి, 2 మిల్లీమీటర్ల జల్లెడ పడతారు. కిందకి దిగిందే మట్టి, దాన్నే పరీక్ష చేస్తారు. పైన మిగిలిన రాళ్ళని బియ్యంలో రాళ్ళు ఏరినట్టు ఏరి అవతల పారేస్తారు. ల్యాబ్ వాళ్ళని తప్పు పట్టట్లేదు, రసాయన పరీక్షకి అలాగే చెయ్యాలి. కానీ రిపోర్టులో ఏమొస్తుంది? నత్రజని హెక్టారుకి ఇన్ని కిలోలు, భాస్వరం ఇన్ని కిలోలు, పొటాష్ ఇన్ని కిలోలు అని వస్తుంది. ఆ కిలోల లెక్క ఎలా కట్టారంటే ఒక హెక్టారులో పైన 15 సెంటీమీటర్ల మందం మట్టి 22 లక్షల 40 వేల కిలోల బరువుంటుంది అనే అంచనా మీద. రాయి లేని పొలానికి అది సరిపోతుంది. సగం రాళ్ళే ఉన్న కొండ వాలులో ఆ మట్టి ఎక్కడుందండీ? సగమే ఉంది! అంటే రిపోర్టులో కాగితం మీద ఉన్న పోషకాల్లో సగం భూమిలో లేవు.

సరే, రాళ్ళని కొలవడం అన్నాం కాబట్టి ముందు సైజులు. 2 మిల్లీమీటర్ల కంటే చిన్నదంతా సన్నమట్టి, అందులో ఇసుక, ఒండ్రు, బంక మట్టి మూడూ ఉంటాయి. 2 నుంచి 75 మిల్లీమీటర్ల దాకా గ్రావెల్, అంటే గరుసు, గులకరాళ్ళు. 75 నుంచి 250 దాకా కాబుల్స్, చేత్తో పట్టుకుని విసరగలిగిన రాళ్ళు. 250 నుంచి 600 దాకా స్టోన్స్, 600 దాటితే బౌల్డర్స్, బండలు. మన వైపు రోడ్డు పనుల్లో గ్రావెల్ అంటే ఎర్రటి గరుసు మట్టి మొత్తాన్ని అలా పిలుస్తాం, ఇక్కడ గ్రావెల్ అంటే అది కాదు, ఒక్క రాయి సైజు మాత్రమే, స్టూడెంట్స్ గుర్తుపెట్టుకోండి. తర్వాత శాతం. గోతిలో ఒక పొర తీసుకుంటే అందులో రాళ్ళు 15 శాతం లోపు ఉంటే పేరులో అసలు చెప్పక్కర్లేదు, 15 నుంచి 35 ఉంటే గ్రావెల్లీ, 35 నుంచి 60 ఉంటే వెరీ గ్రావెల్లీ, 60 నుంచి 90 ఉంటే ఎక్స్‌ట్రీమ్లీ గ్రావెల్లీ. వీటిలో 35 అన్న గీత చాలా ముఖ్యం, వర్గీకరణలో అక్కడే నేల పేరు మారిపోతుంది. మొత్తం కొలత పొరలో, అంటే పేరు పెట్టడానికి లెక్కలోకి తీసుకునే లోతంతటిలో, రాళ్ళు 35 శాతం దాటితే దాన్ని స్కెలిటల్ అంటారు, అంటే నేలకి అస్థిపంజరం ఉంది అన్నమాట. సన్నమట్టి 10 శాతం కూడా లేకపోతే అది ఫ్రాగ్మెంటల్, రాళ్ళ కుప్ప కిందే లెక్క.

ఈ శాతాలన్నీ ఘనపరిమాణంలో శాతాలండి, బరువులో కాదు. ఇక్కడే చాలా రిపోర్టులు బోల్తా కొడతాయి. లెక్క వేసి చూడండి, గోతిలోంచి 100 కిలోలు తీశారు, జల్లెడ పడితే 50 కిలోలు రాళ్ళు, 50 కిలోలు మట్టి వచ్చింది. సగం రాళ్ళు అని రాసేస్తారు. కానీ రాయి సాంద్రత 2.65, ఖాళీలతో కలిపి మట్టి సాంద్రత 1.3 అనుకుందాం. అంటే 50 కిలోల రాయి భూమిలో ఆక్రమించింది సుమారు 19 లీటర్ల చోటు, 50 కిలోల మట్టి ఆక్రమించింది సుమారు 38 లీటర్లు. మొత్తం 57లో 19, అంటే మూడో వంతు, 33 శాతం. బరువు చూస్తే సగం, చోటు చూస్తే మూడో వంతు, 35 గీతకి ఈ పక్కన ఉందో ఆ పక్కన ఉందో మారిపోయింది. వేరు పెరిగేది చోటులో, నీరు నిలిచేది చోటులో, కాబట్టి చోటే లెక్క.

ఇప్పుడు నీళ్ళ సంగతి, నాకు దీని గురించి చెప్పడం అంటే చాలా ఇష్టం, కొంచెం టైం తీసుకుంటాను. మంచి లోమ్ మట్టి, అంటే ఇసుకా ఒండ్రూ బంకా తగుపాళ్ళలో కలిసింది, మొక్కకి ఉపయోగపడే నీటిని తన చోటులో సుమారు 15 శాతం పట్టుకుంటుంది. 60 సెంటీమీటర్ల లోతు ఉందనుకోండి, 90 మిల్లీమీటర్ల నీళ్ళు. అదే నేలలో సగం గట్టి రాయి అయితే 45 మిల్లీమీటర్లే. ఎండాకాలంలో గడ్డీ పొదలూ రోజుకి 4 నుంచి 5 మిల్లీమీటర్లు తాగేస్తాయి అనుకుంటే పది రోజుల్లో డబ్బా ఖాళీ. మన దగ్గర జూలైలో వర్షం పదిహేను రోజులు మొహం చాటేసినప్పుడు చూడండి, కింద పల్లంలో వరి ఇంకా పచ్చగానే ఉంటుంది, కొండ నెత్తి మీద గడ్డి అప్పటికే రంగు మారిపోతుంది. రెండిటి మీదా పడింది ఒకే వర్షం. తేడా అంతా కింద నిలవుండే చోటుదే.

కానీ ఇందులో ఇంకో వైపు ఉంది, అది చెప్పకపోతే రాళ్ళ నేలకి అన్యాయం చేసినట్టే. 30 మిల్లీమీటర్ల వాన పడిందనుకోండి. రాయి లేని లోమ్‌లో అది 20 సెంటీమీటర్ల లోతు వరకే తడుపుతుంది. సగం రాళ్ళున్న నేలలో అదే వాన 40 సెంటీమీటర్ల లోతు దాకా దిగుతుంది, ఎందుకంటే నిలిచే చోటు తక్కువ కాబట్టి నీరు ఇంకా కిందకి పోతుంది. పైన 10, 15 సెంటీమీటర్లలో ఉన్న తడిని ఎండ లాగేసుకుంటుంది కానీ 40లో ఉన్న తడి జోలికి అంత తేలిగ్గా పోలేదు. అంటే మొత్తం డబ్బా చిన్నదే గానీ, చిన్న చిన్న వానలు పడే చోట, లోతు వేరున్న పొదకి, రాళ్ళ నేలే మేలు చేస్తుంది. అమెరికా పశ్చిమ కొండల్లో సేజ్‌బ్రష్ అనే బూడిదరంగు పొద రాళ్ళ వాలుల మీద అంత దట్టంగా ఉండడానికి ఇదొక కారణం. రాళ్ళ నేల పనికిరాదు అనే ముందు ఎవరికి పనికిరాదు అని అడగాలండి, వరికి పనికిరాదు, నిజమే.

ఇప్పుడు బోర్డు మీద చూడండి, ఒక మాదిరి ప్రొఫైల్ గీశాను, అంటే గొయ్యి గోడలో పైనుంచి కిందకి కనిపించే పొరల వరస. ఇది ఫలానా ఊరి గొయ్యి అని కాదు, అక్కడి కొండ మేత నేలలు సాధారణంగా ఎలా ఉంటాయో అలా పెట్టాను. వాలు 30 శాతం, పైనుంచి జారి వచ్చిన రాళ్ళూ మట్టీ, కింద అగ్నిపర్వతపు రాయి. పైన 'ఏ' హొరైజన్, హొరైజన్ అంటే నేలలో ఒక పొర, సున్నా నుంచి 25 సెంటీమీటర్లు, వెరీ గ్రావెల్లీ లోమ్, తడిపితే ముదురు గోధుమ నలుపు, మన్సెల్ రంగుల చార్టులో 10వైఆర్ 3/2, చేత్తో నలిపితే పొడిపొడిగా రవ్వలా విడిపోతుంది, నిండా గడ్డి వేళ్ళు. దాని కింద బీటీ హొరైజన్, 25 నుంచి 75 దాకా, వెరీ కాబ్లీ క్లే లోమ్, కొంచెం ఎరుపు కలిసిన గోధుమ, రాళ్ళ మీదా మట్టి గడ్డల మొహాల మీదా మెరిసే సన్నటి బంకమట్టి పొర. 75 దగ్గర గునపం ఠంగుమంటుంది, అది ఆర్, అంటే గట్టి రాయి.

ఈ నేలకి పెట్టే పేరు వినండి, భయపడకండి: లోమీ-స్కెలిటల్, మిక్స్‌డ్, సూపర్‌యాక్టివ్, ఫ్రిజిడ్ టిపిక్ ఆర్జిజెరోల్స్. వినడానికి మంత్రంలా ఉంది గానీ ప్రతి ముక్కకీ ఒక కొలత ఉందండీ, నోటికొచ్చినట్టు పెట్టింది ఏదీ లేదు. ఈ పద్ధతి పేరు సాయిల్ టాక్సానమీ, అమెరికా వ్యవసాయ శాఖ 1975లో వేసింది, 1999లో రెండో ఎడిషన్ వచ్చింది, మన దేశంలో నేల సర్వే చేసే నాగ్‌పూర్ జాతీయ బ్యూరో కూడా దీన్నే వాడుతుంది. అందులో 12 ఆర్డర్లు, వాటి కింద సబార్డర్, గ్రేట్ గ్రూప్, సబ్‌గ్రూప్, ఫ్యామిలీ, చివరికి సిరీస్. సిరీస్ అంటే దాదాపు ఊరి పేరుతో పిలిచే నేల, ఒక్క అమెరికాలోనే 20 వేలకి పైగా సిరీస్‌లు రాశారు.

పేరుని వెనకనుంచి చదవాలి. చివర్న "ఓల్" ఉంది, అది మాలిసోల్ ఆర్డర్. అంటే పైపొర నల్లగా, మెత్తగా, సారంగా ఉండాలి, తడి మట్టి రంగు విలువ, అంటే ఇందాక చెప్పిన 3/2లో మొదటి అంకె, 3 లేదా అంతకంటే తక్కువ, సేంద్రియ కార్బన్ 0.6 శాతమైనా ఉండాలి, బేస్ సాచురేషన్ అంటే కాల్షియం మెగ్నీషియం లాంటివి పట్టుకున్న భాగం 50 శాతమైనా ఉండాలి, మందం సాధారణంగా 18 నుంచి 25 సెంటీమీటర్లు ఉండాలి. గడ్డి భూముల్లోనే ఇది ఎక్కువ తయారవుతుంది, ఎందుకంటే అడవిలో ఆకు పైన రాలి పైనే కుళ్ళుతుంది, గడ్డికి మాత్రం వేళ్ళలో ఒక వంతు ప్రతి ఏడూ నేల లోపలే చచ్చి లోపలే కలుస్తుంది. ఎన్ని వందల ఏళ్ళు అలా జరిగితే ఆ నలుపు వస్తుందో ఆలోచించండి.

దాని ముందు "జెర్", అంటే జెరిక్ తేమ. చలికాలంలో మంచూ వానా, వేసవిలో కరువు. సంవత్సరంలో పగలు అన్నిటికంటే ఎక్కువుండే జూన్ రోజు నుంచి నాలుగు నెలల్లో వరసగా 45 రోజులైనా నేల పూర్తిగా ఎండిపోవాలి, అలాగే పగలు అన్నిటికంటే తక్కువుండే డిసెంబర్ రోజు తర్వాత నాలుగు నెలల్లో వరసగా 45 రోజులైనా పూర్తిగా తడిగా ఉండాలి. మనకి సరిగ్గా తిరగేసి ఉందన్నమాట, మన కొండలు తడిసేదే జూన్ తర్వాత. దాని ముందు "ఆర్జి", కింద పొరలోకి బంకమట్టి దిగి పేరుకుంది అని. దానికీ లెక్కే, పైపొరలో బంకమట్టి 15 నుంచి 40 శాతం మధ్య ఉంటే కింద పొరలో దానికి 1.2 రెట్లు ఉండాలి, పైన 20 అయితే కింద 24. ఇది ఒక్క వానాకాలంలో అయ్యే పని కాదు, వేల ఏళ్ళు ఆ వాలు పెద్దగా కదలకుండా నిలకడగా ఉంటేనే జరుగుతుంది. కాబట్టి బీటీ పొర కనిపించిందంటే ఆ వాలు చరిత్ర మీకు కొంత తెలిసిపోయినట్టే. "టిపిక్" అంటే ఈ గుంపులో ప్రత్యేకంగా చెప్పుకోవలసిన తేడా ఏమీ లేదు అని. అదే గట్టి రాయి 50 సెంటీమీటర్ల లోపే తగిలి ఉంటే అక్కడ "లిథిక్" అని వచ్చేది.

మిగతాది ఫ్యామిలీ, వాడుకునేవాడికి అసలు పనికొచ్చేది ఇదే అని నా అభిప్రాయం. లోమీ-స్కెలిటల్, రాళ్ళు 35 శాతం దాటాయి, మధ్యలో మట్టి లోమ్ రకం. మధ్యలో మట్టిలో బంక 35 శాతం దాటితే క్లేయీ-స్కెలిటల్ అనేవాళ్ళం. మిక్స్‌డ్, ఏ ఒక్క ఖనిజమూ మిగతావాటి మీద పెత్తనం చెయ్యట్లేదు. సూపర్‌యాక్టివ్, పోషకాల్ని పట్టుకునే శక్తిని బంకమట్టి శాతంతో భాగిస్తే 0.60 లేదా అంతకంటే ఎక్కువ. ఉదాహరణకి పట్టుకునే శక్తి 18, బంకమట్టి 27 శాతం, భాగిస్తే 0.67. తక్కువ బంకమట్టే ఉన్నా ఎక్కువ పని చేస్తోంది అన్నమాట. ఫ్రిజిడ్ అంటే 50 సెంటీమీటర్ల లోతులో ఏడాది సగటు వేడి 8 డిగ్రీల లోపు, వేసవికీ చలికాలానికీ తేడా మాత్రం ఎక్కువ. ఇంత చల్లటి నేలలో గడ్డి మొలిచేది మంచు కరిగాక, ఎండిపోయేది నడి వేసవిలో, మధ్యలో ఉన్న కొద్ది వారాలే మేత. ఆ కొద్ది వారాల మీద ఆధారపడి ఎన్ని పశువుల్ని ఎప్పుడు తోలాలో అక్కడి వాళ్ళు నిర్ణయిస్తారు, నేల పేరులోంచి తేమ, వేడి, రాళ్ళు, లోతు నాలుగూ తీసుకుని.

ఇప్పుడు మన కొండల దగ్గరికొద్దాం. మన తూర్పు కనుమల్లో ముఖ్యమైన రాయి ఖోండలైట్, కోండు తెగల పేరు మీద పెట్టిన పేరు అది, కోణార్క్ గుడి కట్టింది కూడా ఈ రాయితోనే. అందులో గార్నెట్, సిల్లిమనైట్, ఫెల్డ్‌స్పార్, క్వార్ట్‌జ్, అక్కడక్కడా గ్రాఫైట్ ఉంటాయి. దానితో పాటు చార్నకైట్ కూడా ఉంటుంది, అది నల్లగా గట్టిగా ఉంటుంది. వేడీ వానా కలిసి ఖోండలైట్‌ని తింటూ ఉంటే ఫెల్డ్‌స్పార్ తెల్లటి కయోలిన్ బంకమట్టిగా మారుతుంది, గార్నెట్‌లో ఇనుము తుప్పు పట్టి ఎరుపు వస్తుంది. సింహాచలం ఘాట్ రోడ్డు పక్కన కోసిన చోట్లు చూసి ఉంటారు, తెలుపూ ఎరుపూ చారలు. కొండ మీద చదునుగా ఉన్న చోట ఇదే పని లక్షల ఏళ్ళు సాగి సిలికా అంతా కడుక్కుపోతే మిగిలేది లాటరైట్, బాక్సైట్, గాలికొండ వైపు ఉన్నది అదే.

మరి మన కొండ వాలు మీద గొయ్యి తవ్వితే ఏ పేరొస్తుంది? మాలిసోల్ దాదాపు రాదు. ఇక్కడ ఏడాదంతా వేడి, సేంద్రియ పదార్థం కుళ్ళి కాలిపోతుంది, నలుపు పేరుకునే అవకాశం తక్కువ. తేమ ఉస్టిక్, వానలు పైరు పెరిగే కాలంలోనే పడతాయి గానీ మధ్యలో ఎండుతుంది. వేడి 22 డిగ్రీలు దాటితే హైపర్‌థెర్మిక్, తీరం దగ్గరలా వేసవికీ చలికాలానికీ తేడా 6 డిగ్రీల లోపుంటే ముందు ఐసో చేరుతుంది. వాలు ఎక్కువున్న చోట, మట్టి నిలబడని చోట మీకొచ్చే పేరు లోమీ-స్కెలిటల్, మిక్స్‌డ్, ఐసోహైపర్‌థెర్మిక్ లిథిక్ ఉస్టార్థెంట్స్ లాంటిది. చివర "ఎంట్" అంటే ఎంటిసోల్, ఇంకా పొరలు తయారవ్వని పసి నేల. కొంచెం వాలు తగ్గి నిలకడ వచ్చిన చోట హాప్లుస్టెప్ట్స్, అది ఇన్సెప్టిసోల్ ఆర్డర్, ఇంకా కిందకొస్తే బంకమట్టి దిగి పేరుకున్న ఎర్ర నేలలు, హాప్లుస్టాల్ఫ్స్, రోడుస్టాల్ఫ్స్, ఇవి ఆల్ఫిసోల్ ఆర్డర్. ఒకే కొండ, నెత్తి నుంచి పాదం దాకా నడిస్తే మూడు ఆర్డర్లు దాటుతారు. దానికి పది కిలోమీటర్లు వెళ్ళక్కర్లేదు.

రాళ్ళ శాతం ఒకటే అయినా ఐడహో కొండకీ మన కొండకీ మధ్యలో మట్టి వేరు. మనది కయోలిన్ ఎక్కువున్న బంక, పోషకాల్ని పట్టుకునే శక్తి తక్కువ, సూపర్‌యాక్టివ్ కాదు, సెమీయాక్టివ్, సబ్‌యాక్టివ్ వైపు ఉంటుంది. కాబట్టి మన దగ్గర పోషకాల్ని పట్టుకునే భారం చాలావరకు ఆ పైన ఉన్న కాస్త సేంద్రియ పదార్థానిదే. అది కాలినా, కడుక్కుపోయినా వెనక ఇంకేమీ లేదు. నాకు చాలా బాధగా ఉండే విషయం ఇది, వేసవిలో కొండలకి నిప్పంటుకున్నప్పుడు అందరూ చెట్ల గురించి మాట్లాడతారు, తర్వాత మొదటి వానకి ఎర్రగా గెడ్డల్లోకి పోయే నీళ్ళ గురించి ఎవరూ మాట్లాడరు.

ఇంకో చిక్కు చెప్తాను, ఇది మన ఖోండలైట్ నేలలకి మరీ ముఖ్యం. గోతిలో రాయిలా కనిపించే ప్రతిదీ రాయి కాదు. బాగా కుళ్ళిన ఖోండలైట్ ముక్క చూడ్డానికి రాయే, ఆకారం రాయిదే, కానీ వేళ్ళతో నలిపితేనో చిన్నగా సుత్తితో తడితేనో పొడైపోతుంది. దాన్ని పారారాక్ అంటారు, రాళ్ళ శాతంలో దాన్ని గట్టి రాయితో కలిపి లెక్కెయ్యకూడదు. ఎందుకంటే అది నీళ్ళు పీల్చుకుంటుంది, సన్న వేళ్ళు అందులోకి దూరతాయి. అలాగే గొయ్యి అడుగున తగిలింది గట్టి రాయా, గునపంతో తవ్వితే ఊడొచ్చే మెత్త రాయా చూడాలి. గట్టిదైతే లిథిక్, మెత్తదైతే పారాలిథిక్, పొర పేరు కూడా ఆర్ కాదు, సీఆర్. 50 సెంటీమీటర్ల లోపు మెత్త రాయి తగిలితే పేరులో లిథిక్ రాదు, ఫ్యామిలీలో షాలో అని మాత్రం వస్తుంది. అందులో పగుళ్ళు ఎంత దూరంలో ఉన్నాయో కూడా టేపుతో కొలవాలి, వేరు దూరే పగుళ్ళు 10 సెంటీమీటర్లు గానీ అంతకంటే దూరంగా గానీ ఉంటేనే అది వేరుకి అడ్డు కింద లెక్క. జీడిమామిడి చెట్టు ఇంత పల్చటి నేలలో ఎలా బతుకుతోంది అని ఆశ్చర్యపోతుంటాం కదా, పగుళ్ళలో వెతకండి వేళ్ళని.

ఇక నేల మీద కనపడే రాళ్ళు. వాటి మీద తొందరపడి తీర్పు చెప్పకూడదు. రాయి మట్టి మీద ఊరికే పడి ఉంటే అది వాన చినుకు దెబ్బ తను కాస్తుంది, దాని కింద తడి ఉంటుంది, నీరు పక్కనుంచి ఇంకుతుంది. అదే రాయి గట్టిపడ్డ మట్టి పెచ్చులో సగం దిగబడి ఇరుక్కుని ఉంటే చుట్టూ నీరు ఇంకదు, జారి పోతుంది. ఒకే శాతం రాళ్ళు, రెండు వ్యతిరేక ఫలితాలు. పైన రాళ్ళు చాలా ఎక్కువగా, గోతిలో లోపల తక్కువగా ఉంటే చాలాసార్లు మట్టి కొట్టుకుపోయి రాళ్ళు మిగిలాయని అర్థం, పశువుల గిట్టలు తొక్కి గడ్డి పోయిన దారుల్లో ఇది బాగా కనిపిస్తుంది. చలి దేశాల్లో అయితే నేల గడ్డకట్టి కరుగుతూ రాళ్ళని పైకి తోస్తుంది, అక్కడ ఆ కారణం కూడా చూసుకోవాలి. మన దగ్గర మంచు లేదు, కానీ చెదలున్నాయి! చెదపురుగులు లోపల్నుంచి సన్నమట్టిని పైకి మోసుకొచ్చి పుట్టలు పెడతాయి, వానకి ఆ పుట్టలు కరిగి పరుచుకుంటాయి, తరాలు గడిచేసరికి రాళ్ళు కిందకి దిగినట్టు ఒక వరసగా ఉండిపోతాయి. మన ఎర్ర నేలల్లో అడుగున్నర లోతులో రాళ్ళ గీత కనిపిస్తే ఏదో పాత వరద అని వెంటనే అనేసుకోకండి, చెదల పని కూడా కావచ్చు.

కార్బన్ లెక్క ఒకటి చెప్పి ఆపేస్తాను, ఈమధ్య అందరూ అడుగుతున్నారు. కొండల మీద చెట్లు పెంచితే, గడ్డి కాపాడితే కార్బన్ క్రెడిట్లు అంటున్నారు, మంచిదే. ఒక హెక్టారు, 30 సెంటీమీటర్ల లోతు, అంటే 3000 ఘనపు మీటర్లు. సాంద్రత 1.2, కార్బన్ 2 శాతం అనుకుంటే 72 టన్నులు. రాళ్ళు సగమైతే 36. ఎవరైనా మీకు కొండ వాలుకి హెక్టారుకి ఇన్ని టన్నులు అని చెప్తే రాళ్ళు ఎంత తీసేశారు, ఎలా కొలిచారు అని అడగండి, గిరిజన రైతులతో ఒప్పందాలు రాసే చోట ఇది ఇంకా గట్టిగా అడగాలి, ఎందుకంటే తర్వాత ఎవరో వచ్చి సరిగ్గా కొలిస్తే తేడా పడేది వాళ్ళ మీదే.

ప్రశ్నలుంటే అడగండి.

(సభలోంచి ఒక విద్యార్థి: సార్, మాది పాడేరు వైపండి. పోడులో రాళ్ళు ఏరేయాలా వద్దా అని మా ఇంట్లో ఎప్పుడూ గొడవే. మా తాతయ్య ఏరొద్దంటారు.)

మీ తాతగారి మాట చాలావరకు నిజం బాబూ. చిన్న గరుసు ఏరకండి, అది చినుకు నుంచి మట్టిని కాపాడుతోంది, అది తీసేస్తే రెండు మూడు వానల్లో కింద మట్టి కదులుతుంది. పనికి అడ్డొచ్చే పెద్ద రాళ్ళు తీస్తే మాత్రం గట్టు అవతల కుప్ప పొయ్యకండి, వాలుకి అడ్డంగా, ఒకే ఎత్తులో, వరసగా పేర్చండి, రాతి కట్టలా. నీళ్ళు ఆగుతాయి, ఒండ్రు దాని వెనక చేరుతుంది, కొన్నేళ్ళకి ఆ వరస పైన ఒక అడుగు మంచి మట్టి కనిపిస్తుంది. చోళ్ళూ సామలూ అయితే ఆ మట్టిలో తేడా తెలుస్తుంది మీకు. వాలు మరీ నిటారుగా ఉంటే మాత్రం అక్కడ తవ్వడమే వద్దు, గడ్డికీ చెట్టుకీ వదిలెయ్యండి, భూమి సామర్థ్య తరగతుల్లో ఆరూ ఏడూ అని ఉంటాయి, అవి దున్నడానికి కాదు, మేతకీ అడవికీ అని రాసింది అందుకే.

(ఒక మహిళ: మా కాలనీ వెనక కొండ మీద మొక్కలు వేద్దాం అనుకుంటున్నామండి. ప్రతి ఏడూ వేస్తాం, వేసవికి చచ్చిపోతున్నాయి.)

ఏ మొక్కలో నేను ఇప్పుడే చెప్పనమ్మా, ముందు గొయ్యి తియ్యండి. మొక్క గొయ్యి కాదు, మోకాలి లోతుదైనా చూడ్డానికి ఒక గొయ్యి, కొండ నెత్తిన ఒకటి, నడిమిన ఒకటి, కింద ఒకటి. ఎంత లోతులో గునపం ఆగిందో రాసుకోండి, ఆగింది గట్టి రాయి మీదా, మెత్త రాయి మీదా రాసుకోండి. మెత్త రాయి అయితే మీకు ఆశ ఉంది, గొయ్యి ఇంకాస్త తవ్వి వదిలితే వేరు దిగుతుంది. 25 సెంటీమీటర్ల దగ్గరే పగుళ్ళు లేని గట్టి రాయి అయితే అక్కడ చెట్టు వెయ్యకండి, డబ్బూ శ్రమా వృథా, ఉన్న గడ్డినే కాపాడండి, దానికి నిప్పు పెట్టకుండా చూడండి. నడుమ భాగంలో రాళ్ళ సందుల్లో ఇప్పటికే ఏ పొదలు వాటంతటవే బతుకుతున్నాయో చూసి వాటి పక్కన వేస్తే బతికే అవకాశం ఎక్కువ, అక్కడ లోతులో తడి ఉందని ఆ పొదే చెప్తోంది కదా.

(మరో విద్యార్థి: రాళ్ళ శాతం కొలవడానికి మా దగ్గర పరికరాలు లేవు సార్.)

బకెట్టూ, కొలత గ్లాసూ, జల్లెడా చాలు. ఒక చిన్న గొయ్యి తవ్వండి, తవ్విందంతా ఒక్క గుప్పెడు కూడా పోకుండా గోనెపట్టా మీద పోసుకోండి. గొయ్యిలో పల్చటి ప్లాస్టిక్ కవర్ పరిచి, నేల మట్టం దాకా ఎన్ని లీటర్ల నీళ్ళు పట్టాయో కొలవండి, అది గొయ్యి ఘనపరిమాణం. తవ్వినదాన్ని జల్లెడ పట్టి, రాళ్ళు కడిగి, వేళ్ళతో నలిగిపోయే మెత్త ముక్కలు వేరుగా పెట్టండి. అంచు దాకా నీళ్ళు నింపిన బకెట్టుని ఒక పళ్ళెంలో పెట్టి గట్టి రాళ్ళు మెల్లగా అందులో వెయ్యండి, పొర్లి పళ్ళెంలో పడ్డ నీళ్ళు కొలవండి, అది రాళ్ళ ఘనపరిమాణం. దాన్ని గొయ్యి ఘనపరిమాణంతో భాగించి నూరుతో గుణించండి. పెద్ద బండ సగం గొయ్యిలో ఉండి సగం గోడలో ఉంటే దాన్ని వదిలి ఇంకో చోట తవ్వకండి, అలా వదిలితే రాళ్ళు తక్కువున్న చోట్లే మీ లెక్కలోకొస్తాయి. గొయ్యిలోకి పొడుచుకొచ్చిన భాగాన్ని టేపుతో కొలిచి, ఆ ఘనపరిమాణాన్ని రాళ్ళకీ కలపండి, గొయ్యి మొత్తానికీ కలపండి. ల్యాబ్‌కి పంపే శాంపిల్ కవర్ మీద లోతు, వాలు పక్కన ఆ శాతం కూడా రాయండి, ఫారంలో దానికి గడి లేకపోతే వెనక పక్కన రాయండి.